ఉమ్మడి సెమినరీ ఏమిస్తుంది, ఏమివ్వదు

రాయలసీమలో రెండు ప్రొటెస్టంటు క్రైస్తవ కుటుంబాలు కొత్తగా పరిచయమైతే, పేరూ ఊరూ అడిగాక వచ్చే మూడో ప్రశ్న “మీరు ఏ మిషను?” అన్నది. కర్నూలువారు బాప్టిస్టు మిషను అంటారు, జమ్మలమడుగువారు ఎల్.ఎం.ఎస్. అంటారు, నంద్యాలవారు ఎస్.పి.జి. అంటారు. ఆ మిషన్లను నడిపిన విదేశీ సొసైటీలు వెళ్లిపోయి తరాలు గడిచినా, వాటి పేర్లు మాత్రం ఇంటిపేర్లలా మనల్ని అంటిపెట్టుకుని ఉన్నాయి. ఇలాంటి ఇంటి నుంచి ఒక కుర్రవాడు డిగ్రీ ముగించి, సంఘ సేవకులకు వేదాంతం నేర్పే సెమినరీలో చేరి, మొదటి సెలవులకు ఊరికి వస్తే, ప్రార్థన ముగిశాక పెద్దలు అతణ్ణి రెండు మాటలు అడుగుతారు. “అది మన మిషను సెమినరీయేనా?” అన్నది మొదటిది. “చదువైపోతే ఇక నువ్వు అయ్యగారివేనా?”, అంటే సంఘ కాపరివేనా, అన్నది రెండోది.

వేర్వేరు సంఘాలవాళ్లు కలిసి చదివే ఉమ్మడి సెమినరీలో చదువుతున్న విద్యార్థి ఈ రెండింటికీ “కాదు” అనే చెప్పాలి. అలా చెప్పగానే ఇంట్లోవాళ్ల ముఖాల్లో కలవరం కనిపిస్తుంది. మన మిషనుది కాని చోట, అయ్యగారిని చేయని చదువుకు నాలుగేళ్లు ఎందుకు పెట్టాలన్నది వాళ్ల బాధ. ఆ బాధ న్యాయమైనదే. దానికి సరైన జవాబు చెప్పేవాళ్లు తక్కువ కావడం వల్ల ఎందరో పిల్లలు తప్పు చోట చేరి సంవత్సరాలు పోగొట్టుకున్నారు. చదువుకు, పట్టాకు, చేతులుంచి సేవకుడిగా నియమించే అభిషేకానికి, పెళ్లి చేసే అధికారానికి మధ్య ఉన్న తేడాలను విడదీసి చూపడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందుగా మన మిషను పేర్ల సంగతి చూడాలి. లండన్ మిషనరీ సొసైటీ, అంటే ఎల్.ఎం.ఎస్., 1822లో కడపలో పని మొదలుపెట్టింది. తర్వాత జమ్మలమడుగు, గుత్తి, అనంతపురం దాని కేంద్రాలయ్యాయి. ఇంగ్లండు ఆంగ్లికన్ సంఘానికి చెందిన ఎస్.పి.జి. ముత్యాలపాడు, కలసపాడు, నంద్యాల ప్రాంతాల్లో పనిచేసింది. అమెరికన్ బాప్టిస్టులు నెల్లూరు, ఒంగోలు నుంచి విస్తరిస్తూ కర్నూలుకు చేరారు. ఒకరి పొలంలో మరొకరు దున్నకూడదన్నట్టు, ఈ సొసైటీలు తమలో తాము ప్రాంతాలను పంచుకున్నాయి. ఒక మిషను పనిచేసే తాలూకాలో మరొక మిషను కొత్తగా పని మొదలుపెట్టకూడదని ఒప్పందం. ఫలితంగా మన తాతముత్తాతలలో చాలామందికి శిశు బాప్తిస్మమా, ముంచి ఇచ్చే బాప్తిస్మమా అన్న ఎంపికే ఎదురుకాలేదు. వాళ్లు ఏ తాలూకాలో ఉంటే ఆ మిషనువాళ్లయ్యారు. బాప్టిస్టు కుటుంబం బాప్టిస్టు కావడానికి సిద్ధాంతం కంటే కర్నూలు దారి ఎక్కువ కారణం. ఈ మాట ఎవరి విశ్వాసాన్నీ తక్కువ చేయడానికి అనడం లేదు. విశ్వాసం నిజమైనదే. దాని చుట్టూ గీసిన సరిహద్దు మాత్రం మనం గీసుకున్నది కాదు.

ఈ సంగతిని మొదట గట్టిగా పలికినవాళ్లు దక్షిణ భారత సంఘ నాయకులే. 1919లో తరంగంబాడిలో కూడిన సేవకులు, తమను విడదీస్తున్న భేదాలకు తాము బాధ్యులం కామనీ, అవి బయటి నుంచి వచ్చి తమ మీద పడినవనీ ప్రకటించారు. అందులో ముందు నిలిచినవాడు డోర్నకల్ బిషప్పు వి.ఎస్. అజరయ్య. 1912లో ఆయన ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయ్యారు. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్ సంఘాలు ఆయన పాలన కింది ప్రాంతమైన డయోసిస్‌లోనివే. ఆ ప్రకటన తర్వాత ఇరవై ఎనిమిదేళ్ల చర్చలు జరిగి, 1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింట్ జార్జి కథీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం, అంటే మనం సి.ఎస్.ఐ. అని పిలుచుకునే సంఘం, ఏర్పడింది. ఎల్.ఎం.ఎస్. సంతతి సంఘాలు, ఆంగ్లికన్‌లు, మెథడిస్టులు అందులో కలిశారు. బాప్టిస్టులు, లూథరన్‌లు కలవలేదు. నంద్యాల ఆంగ్లికన్‌లలో పెద్ద భాగం కూడా కలవలేదు. 1975లో గానీ వాళ్లు సి.ఎస్.ఐ.లో చేరలేదు.

నంద్యాలవారు ఎందుకు ఆగిపోయారో తెలిస్తే, ఉమ్మడి సెమినరీలో అసలు చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది. వాళ్ల అభ్యంతరం యేసు క్రీస్తును గురించి కాదు, బైబిలును గురించి కూడా కాదు. బిషప్పు చేతులుంచి అభిషేకించని సేవకుడు ప్రభు భోజనం ఇవ్వడానికి బల్ల దగ్గర నిలబడవచ్చా అన్నది వాళ్ల ప్రశ్న. కలిసిన సంఘాలన్నిటిలోనూ అప్పటికే ఉన్న సేవకులను మళ్లీ అభిషేకించకుండానే సి.ఎస్.ఐ. తన సేవకులుగా అంగీకరించింది. ఇకముందు మాత్రం అభిషేకం బిషప్పు చేతుల మీదుగానే జరగాలని నిర్ణయించింది. ఒకే ప్రభువు, ఒకే గ్రంథం అన్న దగ్గర అందరూ కలిసినా, ఎవరి చేతులు ఎవరి తల మీద ఉండాలన్న దగ్గర దారులు వేరయ్యాయి. ఉమ్మడి సెమినరీ తనది కాదని తెలిసి చేయి పెట్టకుండా వదిలేసేది సరిగ్గా ఆ ఒక్క పనినే.

ఉమ్మడి అన్న మాటను కూడా కాస్త నిలిపి చూడాలి, ఎందుకంటే బయట మూడు నాలుగు రకాల సంస్థలు ఇదే మాటను వాడుకుంటాయి. కొన్ని సంఘాలు ఒడంబడిక చేసుకుని, తలా కొంత డబ్బు పెట్టి, తమ తమ అధ్యాపకులను పంపి, పాలకమండలిలో తమ ప్రతినిధులను కూర్చోబెట్టి నడిపేది ఒక రకం. మన తెలుగువాళ్లకు బాగా తెలిసిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల అటువంటిది. అది 1964లో రాజమండ్రిలో మొదలైంది. అక్కడి లూథర్‌గిరిలోని లూథరన్ సెమినరీ, డోర్నకల్‌లో సి.ఎస్.ఐ., మెథడిస్టు సంఘాలు కలిసి నడిపిన సెమినరీ, రామాయపట్నంలోని బాప్టిస్టు సెమినరీ, వేర్వేరుగా నడుస్తున్న ఈ మూడూ ఒక్కటి కావడం వల్ల ఏర్పడింది. తర్వాత కాకినాడ బాప్టిస్టు సెమినరీ కూడా తోడైంది. 1973లో కళాశాల హైదరాబాదుకు మారింది. బెంగళూరులోని యునైటెడ్ థియోలాజికల్ కాలేజి దీనికంటే పాతది. 1910లో ఏర్పడిన ఆ కళాశాల వెనుక ఉన్న సొసైటీలలో మన కడప, గుత్తి మిషను అయిన ఎల్.ఎం.ఎస్. ఒకటి. కర్నూలు నుంచి హైదరాబాదుకు ఎంత దూరమో, అనంతపురం నుంచి బెంగళూరుకూ దాదాపు అంతే దూరం, 210 కిలోమీటర్ల పైచిలుకు. అందుకే మన సీమ పిల్లలలో ఉత్తరపు వాళ్లకు హైదరాబాదు వైపు, పడమటి వాళ్లకు బెంగళూరు వైపు చూపు పోవడం సహజం.

రెండో రకం సెమినరీని ఏ సంఘమూ సొంతంగా నడపదు. ఒక విశ్వాస ప్రకటనను ముందుంచి, దాన్ని ఒప్పుకున్నవాడు ఏ సంఘం నుంచి వచ్చినా చేర్చుకుంటుంది. 1953లో యవత్‌మాల్‌లో ఏర్పడి 1983లో పూణెకు మారిన యూనియన్ బిబ్లికల్ సెమినరీ ఈ తరహాది. అమెరికాలో పాసడీనాలోని ఫుల్లర్ సెమినరీ కూడా ఇలాంటిదే. అది ఏర్పడింది 1947లో, అంటే మన సి.ఎస్.ఐ. పుట్టిన ఏడే. మొదటి రకంలో సంఘాలు సెమినరీని అడిగి లెక్క చెప్పించుకోగలవు, ఎందుకంటే అది వాటి సొత్తు. రెండో రకంలో సెమినరీ తన ప్రకటనకే బాధ్యత వహిస్తుంది, సంఘాలు దాన్ని నమ్మి పిల్లలను పంపుతాయి. ఈ తేడా చదివేటప్పుడు పెద్దగా కనిపించదు. చదువు ముగిసి, పోస్టింగు కోసం ఎదురుచూసేటప్పుడు మాత్రం చాలా పెద్దదవుతుంది.

ఏ సంఘానికీ చెందనిది, ఎవరికీ జవాబుదారీ కానిది, ఒక కుటుంబమో ఒక వ్యక్తో నడిపే బైబిలు పాఠశాల మరో రకం. వీటిలో నిజాయితీగా వాక్యం నేర్పేవి లేకపోలేదు. నేను ఎరిగిన ఒక యువకుడు అలాంటి చోట మూడేళ్లు చదివి, వాక్యం మీద మంచి పట్టుతో తిరిగివచ్చాడు. అయితే అతని కుటుంబానిది డయోసిస్ సంఘం. డయోసిస్ వాళ్లు ఆ సర్టిఫికెట్టును పరిగణించలేమన్నారు, మళ్లీ మొదటి నుంచి చదవమన్నారు. అప్పటికి అతనికి ఇరవై ఎనిమిదేళ్లు, ఒక బిడ్డ. చేరేముందు ఒక్కరైనా అతనికి ఈ తేడా చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇక అసలు ముడి. సేవలోకి వెళ్లే మనిషికి కావలసినవి ఒకదాని పక్కన ఒకటి ఐదున్నాయి. పిలుపు, చదువు, పట్టా, అభిషేకం, చట్టం ఇచ్చే అధికారం. జనం వీటన్నిటినీ కలిపి “సెమినరీ చేశాడు” అన్న ఒక్క మాటలో చెప్పేస్తారు. నిజానికి వీటిని ఇచ్చేవాళ్లు వేరువేరు. పిలుపు దేవుడిది, దాన్ని పరీక్షించి అవునని చెప్పేది స్థానిక సంఘం. అందుకే ఉమ్మడి సెమినరీలు సాధారణంగా సంఘం ఇచ్చే సిఫారసు ఉత్తరం అడుగుతాయి. సి.ఎస్.ఐ. విద్యార్థికి ఒక అయ్యగారి కింద ఉండే పాస్టరేట్ నుంచి డయోసిస్ దాకా ఆమోదం కావాలి, బాప్టిస్టు విద్యార్థికి తన సంఘపు తీర్మానం కావాలి. చదువు చెప్పేది సెమినరీ. పట్టా ఇచ్చేది చాలా సందర్భాల్లో సెమినరీ కాదు.

ఇక్కడ శ్రీరాంపూర్ కథ చెప్పకుండా ముందుకు పోలేం. కలకత్తా దగ్గరి శ్రీరాంపూర్ అప్పట్లో డేనిష్ వారి స్థావరం. అక్కడ విలియం కేరీ, మార్ష్‌మన్, వార్డు 1818లో కళాశాల స్థాపించారు. 1827లో డెన్మార్కు రాజు ఆరో ఫ్రెడరిక్ ఆ కళాశాలకు పట్టాలిచ్చే అధికారంతో రాజశాసనం ఇచ్చాడు. స్థాపకులు ముగ్గురూ బాప్టిస్టులే. అయినా కులం, రంగు, దేశం ఏదీ ప్రవేశానికి అడ్డు కారాదని కళాశాల నిబంధనల్లోనే రాసుకున్నారు. 1845లో ఆ ఊరు బ్రిటిషువారి చేతికి వచ్చినప్పుడు రాజశాసనపు హక్కులు నిలిచాయి. అయితే వేదాంత పట్టాలు ఇవ్వడం మాత్రం ఇరవయ్యో శతాబ్దంలో గానీ మొదలుకాలేదు. తొలి బి.డి., అంటే బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ, పట్టాలు 1915లో ఇచ్చారు. 1918లో బెంగాల్ శాసనసభ చేసిన చట్టంతో వివిధ సంఘశాఖల ప్రతినిధులున్న సెనేట్ ఏర్పడింది. ఈనాడు హైదరాబాదు కళాశాలలో చదివిన లూథరన్ విద్యార్థి చేతికి వచ్చే పట్టా శ్రీరాంపూర్ సెనేట్ ఇచ్చేదే. అంటే పాఠం చెప్పేది ఒకరు, పరీక్ష పెట్టి పట్టా ఇచ్చేది మరొకరు. మన డిగ్రీ కళాశాలలకు విశ్వవిద్యాలయంతో ఉన్న సంబంధం లాంటిదే ఇది. ఈ ఏర్పాటు వల్ల ఒక మేలుంది. ఏ ఒక్క సంఘమూ తన సిద్ధాంతమే పరీక్షలో రాయాలని పట్టుబట్టడానికి వీలుండదు.

బి.డి. అన్న పేరు చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. బ్యాచిలర్ అని ఉంది కదా, ఇది బి.ఎ. వంటిదే అనుకుంటారు. డిగ్రీ అయినవారు సాధారణంగా నాలుగేళ్లు, ఇంటర్ తర్వాత వచ్చినవారు ఐదేళ్లు చదివే వృత్తివిద్య ఇది. అమెరికాలో కూడా ఒకప్పుడు దీన్ని బి.డి. అనే పిలిచేవారు. డిగ్రీ తర్వాత మూడేళ్లు చదివే చదువుకు బ్యాచిలర్ పేరేమిటని 1970 ప్రాంతంలో అక్కడి సెమినరీలు దాన్ని మాస్టర్ ఆఫ్ డివినిటీ, అంటే ఎం.డివ్., అని మార్చుకున్నాయి. అక్కడి సెమినరీల సంఘం లెక్కలో దానికి కనీసం 72 క్రెడిట్లు ఉండాలి. కాబట్టి మన బి.డి., వాళ్ల ఎం.డివ్. ఒకే మెట్టు మీదివి. ఆ తర్వాత ఎం.టి.హెచ్. (మాస్టర్ ఆఫ్ థియాలజీ) ఒక శాఖలో లోతుగా చదివేవారికి, డి.టి.హెచ్. (డాక్టర్ ఆఫ్ థియాలజీ) లేదా పిహెచ్.డి. పరిశోధకులకు. డి.మిన్. (డాక్టర్ ఆఫ్ మినిస్ట్రీ) మాత్రం ఇప్పటికే కొన్నేళ్లు సేవలో ఉన్నవారు తమ పనిని తాము పరిశీలించుకుంటూ చేసే చదువు. డి.మిన్. చేసినవారిని పరిశోధకులుగా, పిహెచ్.డి. చేసినవారిని కాపరులుగా ఎంచడం రెండూ పొరపాటే.

గుర్తింపు విషయంలో సూటిగా ఒక మాట చెప్పాలి. 1970లో ఏర్పడిన ఏషియా థియోలాజికల్ అసోసియేషన్ లాంటి సంస్థలు సెమినరీల బోధన, గ్రంథాలయం, అధ్యాపకుల అర్హతలు చూసి గుర్తింపు ఇస్తాయి. అది తోటి సెమినరీల మధ్య నమ్మకపు ముద్ర, ప్రభుత్వ గుర్తింపు కాదు. మన దేశంలో డిగ్రీ అన్న పేరుతో పట్టా ఇచ్చే హక్కు ఎవరికి ఉందో 1956 నాటి యు.జి.సి. చట్టం 22వ సెక్షన్ చెబుతుంది. చట్టంతో ఏర్పడిన విశ్వవిద్యాలయాలకు, డీమ్డ్ విశ్వవిద్యాలయాలకు, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థలకు మాత్రమే ఆ హక్కు. కొన్ని వేల రూపాయలు తీసుకుని, ఒక హోటలు హాలులో గౌను తొడిగి, డాక్టరేటు చేతిలో పెట్టే సభలకు మన జిల్లాల్లో కూడా కొదువ లేదు. అవి ఇచ్చే కాగితం సంఘం ముందు ఒక సేవకుణ్ణి పెద్దవాణ్ణి చేయదు, సత్యం చెప్పవలసిన నోటిని మాత్రం బలహీనం చేస్తుంది. బి.డి. చేసి తర్వాత ప్రభుత్వ ఉద్యోగానికో, విశ్వవిద్యాలయంలో పరిశోధనకో వెళ్లాలనుకునేవారు ఆ పట్టా అక్కడ చెల్లుతుందా అని ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవడం మంచిది.

ఇప్పుడు తరగతి గది లోపలికి వెళ్దాం, ఎందుకంటే ఉమ్మడి సెమినరీ విలువ అక్కడే కనిపిస్తుంది. కొత్త నిబంధన తరగతిలో తీతుకు రాసిన పత్రిక మొదటి అధ్యాయం చదువుతున్నారనుకుందాం. అయిదో వచనంలో పౌలు ప్రతి పట్టణంలోనూ “పెద్దలను” నియమించమంటాడు. అక్కడ గ్రీకు మాట ప్రెస్బుతెరోస్. రెండు వచనాలు దాటగానే, అదే మనిషికి ఉండవలసిన గుణాలు చెబుతూ “అధ్యక్షుడు” అంటాడు. అక్కడి మాట ఎపిస్కొపోస్. మొదటి మాట నుంచి సి.ఎస్.ఐ. వారి ప్రెస్బిటరు, అంటే సంఘ కాపరి, వచ్చాడు, రెండో మాట నుంచి బిషప్పు వచ్చాడు. బిషప్పులు లేకుండా పెద్దలే నడిపే హెబ్రోను సహవాసం నుంచి వచ్చిన విద్యార్థి, “చూడండి, పెద్దా అధ్యక్షుడూ ఒక్కడే, బిషప్పులెక్కడున్నారు?” అంటాడు. బాప్టిస్టు విద్యార్థి అవునంటాడు, కానీ మా సంఘంలో డీకనులు సంఘస్థులే కదా, మీ సంఘంలో డీకను అంటే అభిషేకానికి మొదటి మెట్టు ఎలా అయిందని సి.ఎస్.ఐ. విద్యార్థిని అడుగుతాడు. ఆ సి.ఎస్.ఐ. విద్యార్థి, పౌలు కాలంలో కలిసి ఉన్న ఆ రెండు పనులు తర్వాతి శతాబ్దంలోనే విడిపోయాయనీ, అంతియొకయ ఇగ్నాతియసు పత్రికల్లో ఒక బిషప్పు, ఆయన చుట్టూ పెద్దలు, పరిచారకులు స్పష్టంగా కనిపిస్తారనీ జవాబిస్తాడు. లూథరన్ విద్యార్థి ఇదంతా విని, వాక్యం సరిగా ప్రకటించి సంస్కారాలు సరిగా ఇస్తే చాలు, పరిపాలన ఏ రూపంలో ఉంటేనేం అంటాడు.

ఆ గంటలో ఎవరూ తమ సంఘాన్ని వదులుకోరు. జరిగేది వేరు. తన ఊళ్లో “వాళ్లకు బైబిలు తెలియదు” అని విని పెరిగిన కుర్రవాడు, “వాళ్లు” అదే వచనాన్ని తనకంటే శ్రద్ధగా చదివారని మొదటిసారి కళ్లారా చూస్తాడు. సొంత సంఘపు సెమినరీలో ఇది పుస్తకంలో చదివి తెలుసుకోవాలి. ఉమ్మడి సెమినరీలో పక్క బెంచీ మీద, అదే హాస్టల్లో అదే సాంబారు తినే స్నేహితుడి నోటి నుంచి వినాలి. పుస్తకంతో వాదించి గెలవవచ్చు, రోజూ కలిసి ప్రార్థన చేసే మనిషితో అలా వాదించలేం. నా దృష్టిలో ఉమ్మడి సెమినరీకి సంఘాలు పెట్టే ఖర్చుకు ఈ ఒక్కటీ చాలినంత న్యాయం చేస్తుంది.

మిగతా పాఠ్యాంశాల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. పాత నిబంధన, కొత్త నిబంధన, హెబ్రీ, గ్రీకు భాషలు, సంఘ చరిత్ర, వేదాంతం, ఇతర మతాల అధ్యయనం, సమాజ విశ్లేషణ, ప్రసంగ శాస్త్రం, కాపరి సలహా సేవ, ఇవన్నీ దాదాపు అన్ని చోట్లా ఉంటాయి. ప్రతి సంఘానికీ తన పరిపాలనా క్రమం, తన ఆరాధన క్రమం ఉంటాయి కాబట్టి వాటి కోసం ఆయా సంఘాల విద్యార్థులను విడిగా కూర్చోబెట్టి చెప్పుకుంటారు. సెమినరీ ప్రార్థనామందిరమైన చాపెల్‌లో ఆరాధన వంతులవారీగా నడుస్తుంది. ఒక వారం క్రమగ్రంథం చూసి చదివే ఆరాధన, మరో వారం పుస్తకం లేని ప్రార్థన. అందరినీ కలిపేది పాట. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం లూథరన్, బాప్టిస్టు, సి.ఎస్.ఐ. ఇళ్లన్నిటిలోనూ ఉంటుంది. పురుషోత్తమ చౌదరి కీర్తన ఎత్తుకుంటే ఏ మిషను పిల్లవాడైనా పుస్తకం తెరవకుండా పాడతాడు.

చాపెల్‌లో సులువుగా సాగేది ఊళ్లో సాగదు. చదువులో భాగంగా విద్యార్థులు ఆదివారాలు ఫీల్డ్ వర్కుకు సంఘాలకు వెళ్తారు. కర్నూలు వైపు బాప్టిస్టు సంఘం నుంచి వచ్చిన విద్యార్థి ఒకడు, సెలవుల్లో జమ్మలమడుగు దగ్గరి ఒక సి.ఎస్.ఐ. సంఘంలో ప్రెస్బిటరు గారికి సాయంగా ఉన్న రోజులు నేను దగ్గరగా చూశాను. ఆ ఆదివారం ఒక పసిబిడ్డకు బాప్తిస్మం. అతని సంఘంలో పసిబిడ్డను ముందుకు తెచ్చి ప్రతిష్ఠ చేస్తారు, బాప్తిస్మం మాత్రం పెద్దయి తానే విశ్వాసం ఒప్పుకున్నాక నీళ్లలో ముంచి ఇస్తారు. ముందురోజు రాత్రి అతను అయ్యగారి దగ్గరకు వెళ్లి, “అయ్యగారూ, రేపు నేను ఏం చేయాలి?” అని అడిగాడు. ఆయన, “నీ మనస్సాక్షికి విరుద్ధంగా ఏమీ చేయనక్కరలేదు నాయనా. గిన్నె పట్టుకుంటావా?” అన్నారు. మర్నాడు అతను ఇత్తడి గిన్నె రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. అయ్యగారు మూడుసార్లు నీళ్లు తీసి బిడ్డ తల మీద పోశారు. చలికాలం కావడంతో నీళ్లు కాస్త గోరువెచ్చగా చేసి తెచ్చారు, అయినా బిడ్డ ఏడ్చింది. తల్లి కొంగుతో తల తుడిచేదాకా ఆ విద్యార్థి గిన్నె కదలనివ్వలేదు.

ఈ చిన్న విషయం ఇంత వివరంగా రాయడానికి కారణముంది. మన సీమలో బాప్తిస్మం అన్నది కుటుంబాలను విడగొట్టిన మాట. సి.ఎస్.ఐ. ఇంటి అమ్మాయిని బాప్టిస్టు ఇంటికి కోడలిగా పంపేటప్పుడు, లేదా పెంతెకొస్తు సంఘానికి వెళ్తున్న అత్తగారింటికి పంపేటప్పుడు, “మళ్లీ ముంచాలి” అన్న మాట దగ్గర సంబంధాలు చెడిపోవడం మనకు తెలుసు. అమ్మాయి తల్లిదండ్రులకు అది “మీరు ఇచ్చినది బాప్తిస్మమే కాదు” అన్నట్టు వినిపిస్తుంది. 1982లో ప్రపంచ సంఘాల సమితి బాప్తిస్మం, ప్రభు భోజనం, పరిచర్యల మీద లీమా నగరంలో ఒక పత్రాన్ని సిద్ధం చేసింది. రెండోసారి బాప్తిస్మమన్నట్టుగా తోచే ఏ పద్ధతినీ పాటించవద్దని అది సంఘాలను కోరింది. దాన్ని బాప్టిస్టులందరూ ఒప్పుకోలేదు, ఒప్పుకోకపోవడానికి వాళ్లకు తమ కారణాలున్నాయి. కానీ గిన్నె పట్టుకుని నిలబడ్డ ఆ విద్యార్థి రేపు తన సంఘంలో కాపరి అయినప్పుడు, కోడలిగా వచ్చిన అమ్మాయి తల్లిదండ్రులతో మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది. అతను తన సిద్ధాంతం మార్చుకోడు. వాళ్ల ఇంట్లో ఆ రోజు ఏం జరిగిందో అతనికి తెలిసి ఉంటుంది.

ఈ చదువులో లోటు ఒకటి ఉంది, దాన్ని దాచడం సరికాదు. ఆదోని, కదిరి, రాయచోటి పల్లెల నుంచి తెలుగు మాధ్యమంలో చదువుకుని వెళ్లిన పిల్లలు గ్రంథాలయంలో ఇంగ్లీషు పుస్తకాల గోడ ముందు నిలబడిపోతారు. నాలుగేళ్లు ఇంగ్లీషులో రాసిన వ్యాసాలను ఊళ్లో ముప్పై నిమిషాల తెలుగు ప్రసంగంగా మార్చడం ఎవరూ విడిగా నేర్పరు. కొందరు దాన్ని సొంతంగా సాధిస్తారు. కొందరు ప్రసంగంలో ఇంగ్లీషు మాటలు చల్లి చదువును చూపిస్తారు, వెనక బల్ల మీద కూర్చున్న అవ్వకు ఏమీ అందదు. వేదాంతాన్ని తెలుగులో ఆలోచించి తెలుగులో రాసే అధ్యాపకులను పెంచడం సంఘాలు వెంటనే చేయవలసిన పని అని నా గట్టి నమ్మకం.

స్త్రీల విషయంలో ఉమ్మడి సెమినరీ సంఘాల కంటే ముందు నడిచిన సందర్భాలున్నాయి. అభిషేకం ఇవ్వని సంఘాల నుంచి వచ్చిన అమ్మాయిలు కూడా అదే తరగతిలో కూర్చుని, అవే పరీక్షలు రాసి, అదే పట్టా తీసుకోగలరు. సి.ఎస్.ఐ.లో స్త్రీలకు ప్రెస్బిటరు అభిషేకం 1970ల నుంచి ఉంది. 2013 సెప్టెంబరులో ఇ. పుష్పలలిత గారు సి.ఎస్.ఐ.లో తొలి మహిళా బిషప్పు అయ్యారు. ఆమె బిషప్పు అయినది నంద్యాల డయోసిస్‌కు. ఎవరి చేతులు ఎవరి తల మీద ఉండాలన్న ప్రశ్నతో 1947లో ఐక్యతకు దూరంగా ఆగిపోయిన నంద్యాల, అరవై ఆరేళ్ల తర్వాత ఒక స్త్రీ చేతుల కింద సేవకులు మోకరించే డయోసిస్ అయింది. ఇదే చదువు చదివిన వేరే సంఘాల స్త్రీలు సండే స్కూలు వరకే పరిమితమైపోవడం కూడా నిజం. సెమినరీ వాళ్లకు చదువు ఇవ్వగలిగింది గానీ, పీఠం ఇవ్వలేకపోయింది. పీఠం ఇవ్వడం సంఘం చేతిలోని పని.

అభిషేకం సంగతికి వస్తే, పట్టా చేతికి వచ్చాక సి.ఎస్.ఐ. విద్యార్థి డయోసిస్‌కు తిరిగి వస్తాడు. కొంతకాలం ఒక ప్రెస్బిటరు కింద పనిచేసి, ముందు డీకనుగా, తర్వాత ప్రెస్బిటరుగా బిషప్పు చేతుల మీదుగా అభిషేకం పొందుతాడు. ఆ రోజు బిషప్పుతో పాటు ప్రెస్బిటర్లు కూడా అతని తల మీద చేతులుంచుతారు. బాప్టిస్టు విద్యార్థిని ఒక సంఘం కాపరిగా పిలిస్తేనే అతనికి అభిషేకం. తోటి సంఘాల సేవకులు వచ్చి, అతని విశ్వాసాన్ని ప్రశ్నించి, చేతులుంచి ప్రార్థిస్తారు. ఏ సంఘమూ పిలవకపోతే, ఎంత మంచి మార్కులు వచ్చినా అతను పట్టా ఉన్న సంఘస్థుడే.

ఈ తేడా కాగితం మీద మరింత స్పష్టంగా కనిపించే చోటు పెళ్లి రిజిస్టరు. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం 5వ సెక్షన్, క్రైస్తవ వివాహం ఎవరు జరిపించవచ్చో చెబుతుంది. ఆ వరుసలో మొదటివాడు బిషప్పు చేత అభిషేకం పొందినవాడు. అతను తన సంఘపు నియమాల ప్రకారం పెళ్లి జరిపిస్తే చాలు. బిషప్పులు లేని సంఘాల సేవకుడు ఈ చట్టం కింద ప్రభుత్వం నుంచి లైసెన్సు తెచ్చుకోవాలి. ఆ లైసెన్సు లేకుండా జరిపిస్తే అది నేరం కిందకు వస్తుంది. ఒకే సెమినరీలో ఒకే గదిలో ఉండి, ఒకే సంవత్సరం బి.డి. చేసిన ఇద్దరు స్నేహితులను ఊహించండి. ఒకడు కడప వైపు ప్రెస్బిటరు, మరొకడు కర్నూలు వైపు బాప్టిస్టు పాస్టరు. అభిషేకమైన మరుసటి నెలలో ఇద్దరి సంఘాల్లోనూ పెళ్లిళ్లు వచ్చాయి. కడపవాడు పెళ్లి జరిపించి, రిజిస్టరులో వధూవరుల చేత, సాక్షుల చేత సంతకాలు తీసుకుని, తన సంతకం పెట్టాడు. కర్నూలువాడి లైసెన్సు ఇంకా రాలేదు. అందుకని పక్క ఊరి నుంచి లైసెన్సున్న ఒక పెద్ద పాస్టరు గారిని పిలిపించుకుని, తాను వాక్యం చెప్పి, ఆయన సంతకం చేస్తుండగా పక్కన నిలబడ్డాడు.